హ్యాండిల్ మీద చిన్న బాణం... ఫోన్ మాత్రం బ్యాగులోనే!

బండి నేర్చుకోవడం ఒక ఎత్తు. తెలియని ఊరికి దారి పట్టుకుని వెళ్లి రావడం మరో ఎత్తు. మొదటిది మనలో చాలామందిమి సాధించేశాం. స్కూటరైనా, గేర్ల బండైనా ఆడవాళ్లు నడుపుతుంటే వింతగా చూసే రోజులు దాదాపు పోయాయి. చిక్కంతా రెండోదాంతోనే. 'ఆ ఊరికి నాకు దారి తెలీదు, నువ్వు తీసుకెళ్లవా' అని భర్తనో, తమ్ముణ్ణో బతిమాలుకునేవాళ్లు ఇప్పటికీ ఎంతమందో! బండి తాళం చేతిలోనే ఉంటుంది. పెట్రోలు మన జీతంతోనే పోయించుకుంటాం. దారి మాత్రం ఇంకొకరి దగ్గర ఉంటుంది.

నేను రాజమండ్రిలో ఓ సహకార బ్యాంకులో పనిచేస్తున్నాను. డ్వాక్రా సంఘాల రుణాల పరిశీలన నా పని. వారంలో మూడు రోజులు ఊళ్లు తిరగాలి. ఒకరోజు కోనసీమ లంకలు, ఇంకోరోజు రంపచోడవరం పైన ఏజెన్సీ గ్రామాలు. నా బండి 350 సీసీ మోటార్ సైకిల్. దాని హ్యాండిల్‌కి దారి చూపే పరికరం ఏది పెట్టాలన్న విషయం మీద మా ఇంట్లో నెలరోజులు చర్చ జరిగిందంటే నమ్ముతారా? చివరికి నేను ఎంచుకున్నది అన్నిట్లోకీ చిన్నది. ఎందుకో చెబుతాను.

దారి అడిగితే పోలేదా?

మా అత్తగారు వేసిన మొదటి ప్రశ్న ఇదే. "నోరుంటే ఊరుంటుందని ఊరికే అన్నారా? దానికోసం వేలకి వేలు పొయ్యాలా అమ్మాయ్?" అని.

నిజమే. మా గోదావరి జిల్లాల్లో దారి అడిగితే సగం దూరం వెంటొచ్చి చూపించేవాళ్లున్నారు. "ఆయ్, ఇలా కాలవగట్టు ఎమ్మటే ఎల్లిపోండమ్మా, రావిచెట్టు కాడ కుడిచేతి పక్కకి తిరిగిపోండి" అని ఎంతో మర్యాదగా చెబుతారు. పొద్దున పదింటికి ఆ మాట ఎంత చల్లగా ఉంటుందో! అదే సాయంత్రం ఆరున్నరకి, దీపాలు లేని మలుపులో, బడ్డీకొట్టు దగ్గర కూర్చున్న నలుగురు మగవాళ్లని అడగాల్సి వచ్చిందనుకోండి. "ఒక్కరే వచ్చారేంటి? మీవారు రాలేదా? ఏ ఊరు మీది?" ఇన్ని ప్రశ్నలయ్యాక గానీ దారి బయటికి రాదు. వాళ్లలో చాలామంది మంచివాళ్లే అయ్యుంటారు. కానీ నేను ఒంటరినని, దారి తెలియనిదాన్నని ఆ రెండు సంగతులూ ముక్కూమొహం తెలియనివాళ్లకి నా నోటితో నేనే చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. చెట్టు కింద బండాపి, తలొంచుకుని ఫోన్‌లో మ్యాపు వెతుక్కున్నా జరిగేది అదే కదా!

మూడు సెకన్లంటే మూడు బస్సులు

మరి ఫోన్‌నే హ్యాండిల్‌కి బిగించేస్తే? పదిమందిలో తొమ్మిదిమంది చేస్తున్నది అదే. బజార్లో రెండు మూడు వందలకే క్లాంపు దొరుకుతుంది. ఊళ్లో స్కూటర్ మీద కూరగాయల మార్కెట్‌కీ, పిల్లల ట్యూషన్‌కీ వెళ్లేవాళ్లకి అది చాలు, నేను కాదనను.

బయటి రోడ్డు సంగతి వేరు. చిన్న లెక్క చూద్దాం. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నామంటే సెకనుకి 11 మీటర్లు దాటిపోతున్నామన్నమాట. తెర మీది రంగురంగుల గీతల్లో మనం ఎక్కడున్నామో, ఏ సందులోకి తిరగాలో వెతుక్కోవడానికి మూడు సెకన్లు పట్టిందనుకోండి... 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. మూడు ఆర్టీసీ బస్సుల్ని వరసగా నిలబెట్టినంత దూరం! కారులో అయితే నాలుగు చక్రాలున్నాయి, ఓ గుంటలో పడ్డా కారు పడిపోదు. మన రెండు చక్రాల బండికి గుంట కనిపించాలి, ఇసుక కనిపించాలి, అడ్డమొచ్చే గేదె కనిపించాలి. కోతల రోజుల్లో మా వైపు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీద బ్రేకు వేశామా, అంతే సంగతులు.

అందుకే నా మటుకు నేను పరికరాన్ని కొలిచే కొలత ఒక్కటే. అది నా చూపుని ఎంతసేపు పట్టి ఉంచుతుంది? ఎంత తక్కువైతే అంత మంచిది. ఎడారుల్లో మోటార్ సైకిళ్ల మీద పోటీపడే డకార్ ర్యాలీ గురించి విన్నారా? ఆ పోటీదారుల ముందు పెద్ద మ్యాపేమీ ఉండదు. ఎన్ని కిలోమీటర్ల తర్వాత ఎటు తిరగాలో చెప్పే బాణం బొమ్మలు వరసగా వేసిన పట్టీ ఉంటుంది. ఒకప్పుడు అది కాగితం చుట్ట, ఇప్పుడు చాలావరకు తెర మీదికి మారింది. ఎంత దూరం, ఎటువైపు... అంత వేగంలో వాళ్లకే ఈ రెండూ సరిపోతుంటే ముక్తేశ్వరం వెళ్లడానికి నాకు చాలవా?

ఫోన్‌ని ఎందుకు దాచుకోవాలంటే...

ఫోన్‌ని ఎండావానల్లో, కుదుపుల్లో హ్యాండిల్ మీద పెట్టడానికి నాకు ఇంకా అభ్యంతరాలున్నాయి. పెద్ద ఇంజిన్ల మోటార్ సైకిళ్ల అదురు వల్ల ఐఫోన్ కెమెరాల పనితీరు దెబ్బతినే అవకాశం ఉందని ఆపిల్ కంపెనీయే 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. ఫొటో చెదిరిపోకుండా కెమెరాలో ఉండే సున్నితమైన ఏర్పాటుకి ఆ అదురు పడదట. రబ్బరు ముక్కలున్న ప్రత్యేకమైన క్లాంపులు వాడితే కొంత నయం. ఇక ఎండ. అదే ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వేడిలో వాడుకోమని ఆ కంపెనీ చెబుతోంది. మే నెలలో రాజమండ్రి ఎండ 40 దాటడం మనకి వింతా? వేడెక్కిన ఫోన్ ముందు తెర వెలుగు తగ్గించేస్తుంది, ఆ తర్వాత చార్జింగ్ ఆపేస్తుంది. సరిగ్గా దారి కావాల్సినప్పుడే తెర నల్లబడుతుంది.

వీటన్నిటికంటే పెద్ద కారణం వేరే ఉంది. ఒంటరిగా వెళ్లే ఆడదానికి ఫోన్ దారి చూపే వస్తువు మాత్రమే కాదు. టైరు పంక్చరైతే కబురు చెప్పాల్సింది దాంతోనే, అవసరమైతే 112కి చేయాల్సింది దాంతోనే. రోజంతా తెర వెలిగించి, సాయంత్రానికి నాలుగు శాతం చార్జింగుతో చేతికొచ్చే ఫోన్ అప్పుడు ఏం పనికొస్తుంది? సిగ్నల్ దగ్గర ఆగితే లాక్కుపోయేవాళ్లూ ఉంటారు. అందుకని ఫోన్ బ్యాగులో ఉండాలి, దారి హ్యాండిల్ మీద ఉండాలి అని నిర్ణయించుకున్నాను.

పెద్ద తెరా? చిన్న తెరా?

మా ఆడపడుచు కొడుకు అమెరికాలో ఉంటాడు. సెలవులకి వస్తూ "అత్తా, నీకు గార్మిన్ జూమో తెస్తాను" అన్నాడు. మోటార్ సైకిళ్ల కోసమే చేసిన పరికరం అది. 2023లో వచ్చిన జూమో ఎక్స్‌టీ2కి 6 అంగుళాల తెర. మ్యాపులన్నీ దాని కడుపులోనే ఉంటాయి, ఫోన్‌తో పనిలేదు. గ్లవ్స్ వేసుకున్న చేత్తో నొక్కినా పలుకుతుంది. వానకి భయపడదు. లడఖ్‌కో, అరుణాచల్‌కో బండి మీద వెళ్లే అమ్మాయిలు కొంటామంటే నేను అడ్డు చెప్పను. కానీ అక్కడ మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని ధర 600 డాలర్లు. నా వారం తిరుగుడికి అంత అవసరమా? పైగా విదేశాల్లో కొన్నదాంట్లో ఆ దేశపు మ్యాపులే ఉంటాయి. మన దేశపు మ్యాపు అందులో ఉందా, లేకపోతే వేయించుకోవడానికి విడిగా ఎంతవుతుంది అన్నది ముందే కనుక్కోవాలి. విదేశాల నుంచి పిల్లలు ఏదైనా తెస్తామంటే మురిసిపోయి ఊ అనేస్తాం కదా, అందుకని చెబుతున్నా.

అన్నట్టు కార్లలోలా ఫోన్ తెరని అద్దంలా చూపించే 5 అంగుళాల తెరలు కూడా బండ్లకి వస్తున్నాయి. వాటికి బండి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఇస్తూ ఉండాలి. నా కొలత ప్రకారం అవీ చూపు పట్టి ఉంచేవే.

చివరికి నేను తెప్పించుకున్నది బీలైన్ అనే లండన్ కంపెనీ తయారుచేసే చిన్న గుండ్రటి బిళ్ల. అరచేతిలో దాగిపోతుంది. ఫోన్‌లో వాళ్ల యాప్ వేసుకుని, వెళ్లాల్సిన ఊరు చెప్పి, ఫోన్‌ని బ్యాగులో పడేయడమే. బ్లూటూత్ ద్వారా ఫోన్ చెబుతుంటే బిళ్ల మీద బాణం తిరుగుతుంది, మలుపు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో అంకె కనిపిస్తుంది. బండి దిగగానే మెలితిప్పి ఊడదీసి హ్యాండ్‌బ్యాగులో వేసేసుకుంటాను. పెట్టిన మొదటివారం మా అత్తగారు దాన్ని చూసి "ఇది గడియారమా, దిక్సూచా?" అన్నారు. రెండూ కలిసిందే అనుకోండి.

ఇలాంటి ఏర్పాటు మన బండ్లలోనూ వచ్చేసింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు 2020లో మీటియర్ 350తో పాటు ట్రిప్పర్ అనే చిన్న గుండ్రటి తెరని తెచ్చారు. స్పీడోమీటర్ పక్కనే ఉంటుంది, గూగుల్ మ్యాప్స్ చెప్పే మలుపుల్ని బాణాలుగా చూపిస్తుంది. 2023లో వచ్చిన హిమాలయన్ 450లో అయితే 4 అంగుళాల గుండ్రటి తెర మీద మ్యాపు మొత్తం వస్తుంది. స్కూటర్ల సంగతికొస్తే టీవీఎస్ ఎన్‌టార్క్ 2018లోనే బ్లూటూత్‌తో దారి చూపే మీటరుతో వచ్చింది. 2020లో సుజుకీ యాక్సెస్‌లోనూ అలాంటిది ఇచ్చారు. ఏథర్ విద్యుత్ స్కూటర్ల తెర మీద మ్యాపే కనిపిస్తుంది. మీ బండిలో ఇప్పటికే ఉండి, షోరూమ్‌వాళ్లు చెప్పక, మీరు అడగక అలా పడి ఉందేమో! ఒకసారి బండితో ఇచ్చిన పుస్తకం తిరగెయ్యండి.

ఏదీ కొనకుండా గడుపుకోవాలంటే ఇంకో మార్గం ఉంది. హెల్మెట్ లోపల అమర్చుకునే బ్లూటూత్ స్పీకరు. ఫోన్ బ్యాగులోనే ఉంటుంది, మాట చెవిన పడుతుంది. గూగుల్ మ్యాప్స్ తెలుగులోనూ దారి చెబుతుంది. ఇంగ్లిష్ గొంతు పెట్టుకుంటే మాత్రం మన ఊళ్ల పేర్లు పలికే తీరు వినాలి... నవ్వు ఆపుకోలేక బండి ఆపాల్సి వస్తుంది! అయితే రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు దూర్చుకోవడం మాత్రం వద్దు. వెనక లారీ హారన్ వినిపించకపోతే దారి తెలిసి ఏం లాభం?

సిగ్నల్ లేకపోతే?

"అడవిలో సిగ్నల్ ఉండదు కదమ్మా, అక్కడ నీ బిళ్ల ఏం చేస్తుంది?" ఇది మా మామయ్యగారి ప్రశ్న. చాలామందికి ఉన్న అనుమానమే. జీపీఎస్ వేరు, ఫోన్ సిగ్నల్ వేరు. పైన తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాల్ని పట్టుకుని మనం ఎక్కడున్నామో లెక్కగట్టేది జీపీఎస్. దానికి టవరూ అక్కర్లేదు, డేటా ఖర్చూ లేదు. అది అమెరికావాళ్ల ఏర్పాటు. మన ఇస్రో కూడా సొంతంగా నావిక్ అనే వ్యవస్థ కోసం 2013 నుంచి ఉపగ్రహాలు పంపుతోంది, అదీ మన శ్రీహరికోట నుంచే. ఇంటర్నెట్ కావాల్సింది మ్యాపు దించుకోవడానికి, కొత్తగా దారి వేయించుకోవడానికి.

నేను మారేడుమిల్లి వైపు వెళ్లేరోజు ఇంటి దగ్గరే ఆ ప్రాంతపు మ్యాపుని ఫోన్‌లో దించి పెట్టుకుంటాను. రాజమండ్రి నుంచి సుమారు 85 కిలోమీటర్లు. రంపచోడవరం దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్‌లో చాలాచోట్ల అసలుండదు. సిగ్నల్ ఉన్నచోటే దారి వేయించుకుని బయల్దేరితే బాణం తన పని తాను చేసుకుపోతుంది. మధ్యలో దారి తప్పితే మాత్రం కొత్త దారి వేయడానికి తంటాలు పడుతుంది. అందుకే ఘాట్ ఎక్కేముందు ఊళ్ల పేర్లు వరసగా ఓ చీటీ మీద రాసి జాకెట్ జేబులో పెట్టుకుంటాను. మావారు నవ్వుతారు. నవ్వనీండి.

బాణానికి ఇంకో లోపం కూడా ఉంది. ఎటు తిరగాలో చెబుతుంది గానీ ముందు ఏముందో చెప్పదు. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం మ్యాపులో పక్కపక్కనే కనిపిస్తాయి. మధ్యలో గోదావరి ఉందన్న సంగతి బాణానికి పట్టదు. పంటు నడిచే వేళైతే బండితో సహా ఎక్కి హాయిగా దాటొచ్చు. వరదొచ్చి పంటు ఆపేస్తే యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా చుట్టు తిరగాలి. కాబట్టి బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఫోన్‌లో పూర్తి మ్యాపు ఓసారి చూసుకోవాలి. పంటు దారులు వద్దని చెప్పే వీలు గూగుల్ మ్యాప్స్‌లో ఉంది. 2017 డిసెంబరులో మన దేశంలోనే మొదట తెచ్చిన టూవీలర్ బొమ్మ కూడా ఉంటుంది, అది నొక్కితే బండ్లకి వీలైన దగ్గరి దారులు చూపిస్తుంది. పగలైతే సరే. చీకటి పడ్డాక ఆ దగ్గరి దారులు కొబ్బరితోటల మధ్యకి, కాలవగట్ల మీదికి తీసుకుపోతాయి. చీకటి పడితే నేను నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా పెద్ద రోడ్డే పట్టుకుంటాను.

కొనేముందు కొట్టు బయటికి రండి

ఏ పరికరమైనా కొట్టు లోపల ట్యూబ్‌లైటు కింద ధగధగలాడుతుంది. మధ్యాహ్నం పూట ఎండలోకి తెచ్చి చూడండి. హెల్మెట్ అద్దం దించి చూడండి. మీరు ఎండకి చేతులకి గ్లవ్స్ వేసుకునేవారైతే వాటితోనే నొక్కి చూడండి. మీకు నాలాగా చత్వారం వచ్చిందా? కళ్లజోడు లేకుండా ఆ అంకె చదవగలరా? సన్నటి అక్షరాలుంటే అక్కడే వదిలేసి రండి.

ఐపీ67 అని రాసి ఉంటే దుమ్ము లోపలికి పోదని, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం. అంటే మన వానలకి ఢోకా లేదు. అలాగని సర్వీసింగులో పైపుతో జోరుగా నీళ్లు కొట్టేటప్పుడు దాన్ని బండి మీద ఉంచకండి. ఆ ధార వేరు, వాన వేరు.

కరెంటు బండి నుంచే తీసుకోవాల్సిన పరికరమైతే తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు నుంచి తీయమనండి, మధ్యలో ఫ్యూజు వేయమనండి. సరాసరి బ్యాటరీకి కలిపేస్తే బండి ఆపాక కూడా అది కొద్దికొద్దిగా తాగేస్తూ ఉంటుంది, పొద్దున సెల్ఫ్ కొడితే బండి మూలుగుతుంది. కొత్త బండైతే వైరు కోసే ముందు వారంటీ సంగతి అడగండి.

చట్టం గురించి కూడా ఒక మాట. బండి నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడటం 2019 సవరణ తర్వాత ప్రమాదకరంగా నడపడం కిందికే వస్తుంది. దారి చూసుకోవడానికి మాత్రం, అదీ నడిపేవాళ్ల ధ్యాస చెదరకుండా వాడుకోవచ్చని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధనల్లో చేర్చారు. హ్యాండిల్ మీద బిగించిన బాణానికి భయం లేదు. ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని కుడిచేత్తో యాక్సిలరేటర్ తిప్పే మహాతల్లులకే ఉంది!

ఎవరికి తెలియాలి?

మా ఇంట్లో చర్చ అసలు వేడెక్కింది ఇక్కడే. "నువ్వు ఎక్కడున్నావో మాకు ఎప్పుడూ తెలిసేలా ఏదైనా పెట్టించుకో, అది చాలు" అన్నారు మావారు. ఆయన భయం నాకు అర్థమైంది. కానీ నేను ఎక్కడున్నానో ఇంట్లోవాళ్లకి తెలియడం వేరు, నాకు తెలియడం వేరు. ముందు నాకు తెలియాలి. ఇంట్లో అందరూ కూర్చుని నా చుక్క కదులుతోందా, ఆగిందా అని చూస్తూ, టీ తాగడానికి పది నిమిషాలు ఆగితే ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే ఆ ప్రయాణం నాదెలా అవుతుంది?

చివరికి ఓ ఒప్పందానికి వచ్చాం. ఏజెన్సీకి వెళ్లేరోజు నేనే ఫోన్‌లో నా జాడ ఇంటికి పంచుతాను. ఎన్ని గంటలు కనిపించాలో ముందే పెట్టేయొచ్చు, సమయం అయిపోగానే దానంతట అదే ఆగిపోతుంది. సిగ్నల్ లేనిచోట చుక్క కదలదని, కదలకపోతే కంగారు పడొద్దని ముందే చెప్పి వెళ్తాను. మిగతా రోజుల్లో చుక్కా లేదు, లెక్కా లేదు. మా అమ్మాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, స్కూటర్ నడుపుతుంది. "నాకూ ఇదే రూలా అమ్మా?" అని అడిగింది. వాళ్ల నాన్న కాసేపు ఆలోచించి ఒప్పుకోక తప్పలేదు.

ఇప్పుడు దానికోసం కొత్త స్కూటర్ చూస్తున్నాం. మొన్న ఓ షోరూమ్‌కి వెళ్తే, నేనడిగిన ప్రతి ప్రశ్నకీ అక్కడి కుర్రాడు మావారి వైపు చూసి జవాబు చెప్పాడు. మావారికి సైకిల్ తప్ప ఏదీ నడపడం రాదు. "మీటర్‌లో దారి వస్తుందన్నారు కదా, మా అమ్మాయి ఫోన్‌తో కలిపి చూపించండి" అన్నాను. "తర్వాత యాప్ వేసుకుంటే అదే వస్తుంది మేడమ్" అన్నాడు. ఆ మాట నమ్మి డబ్బు కట్టకండి. కొన్ని బండ్లలో ఆ సదుపాయం ఖరీదైన రకానికే ఉంటుంది. కొన్నింట్లో కొన్నాళ్లు ఉచితంగా ఇచ్చి ఆ తర్వాత ఏడాదికింత అని కట్టించుకుంటారు. కాబట్టి ఏ రకానికి వస్తుందో, ఎన్నాళ్లు ఉచితమో కాగితం మీద రాయించుకోండి. మీ ఫోన్‌తోనే కలిపించి, షోరూమ్ గేటు దాటి రెండు మలుపులు తిరిగి చూసుకోండి. మేం ఆ షోరూమ్ నుంచి బయటికొచ్చేశాం. ఈ ఆదివారం ఇంకోదానికి వెళ్తున్నాం, ఈసారి మా అమ్మాయి, నేను మాత్రమే.